బేరమాడినా తగ్గని ఫీజు

దగ్గరికి జరుగు బిడ్డా, కింద టేపురికార్డరు మోతలో నా మాట నీకు అందదు. మన కామాటిపురలో, వరస గదుల ఈ చాల్‌లోనే రత్నాబాయి అని ఒకామె ఉండేది. మిల్లుల సమ్మెలో మొగుడి పని పోయాక, పొద్దున్నే కూలీలు నిలబడే నాకాకు పోయి, ఇటుకలు మోసి ఇల్లు నడిపింది. కూతురు భూదేవి పన్నెండో తరగతి కామర్సు పాసయింది. అకౌంట్ల డిగ్రీ చదివి ఆఫీసులో కూర్చోవాలని పిల్ల ఆశ. రత్నాబాయి మెడలో బంగారు గుండ్లు అమ్మిన డబ్బు ఒక్కచోట కట్టడానికే ఉంది. అది తప్పు చోట పడిందా, రేపు పిల్ల కూడా తట్ట పట్టుకుని నాకాలో నిలబడాలి.

చూసిన చోట్లు రెండు. గ్రాంట్ రోడ్ అవతల పాత కాలేజీలో మూడేళ్ల బీకాం, ఏడాదికి నాలుగు వందల లోపే. నాగ్‌పాడాలో కొత్తగా తెరిచిన ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క ఏడాదికే డిగ్రీ అట, ఉద్యోగం ఖాయమట, ఫీజు మూడు వేలు.

ఫీజు మరీ తక్కువని రత్నాబాయికి ముందు అనుమానం వచ్చింది పాత కాలేజీ మీదే.

"గింత సస్తాగ ఎందుకిస్తున్రే? ఏదో ఖరాబు మాలే."

"అమ్మా, అది కాలేజీ. చోర్ బజార్ కాదు."

ఆ సాయంత్రం కింది అంతస్తు ఖోలీలో కాపురముండే శంకర్రావు పైకొచ్చాడు. ఏళ్లుగా ఎదురుపడినా పలకరించని మనిషి చాపమీద కూర్చుని చాయ్ అడిగాడు.

"వదినే, పాత కాలేజీల ఏముంది, పెచ్చులూడిన గోడలు! నాగ్‌పాడాల ఏసీ గది. నా పేరు చెప్పు, సీటు పక్కా."

"నీ కొడుకును గూడ అండ్లనే చేర్పించినవా?"

"వాడా... వానికి లెక్కలంటే తలనొప్పి వదినే," అని చాయ్ సగం వదిలేసి లేచాడు.

రత్నాబాయికి నిద్ర పట్టలేదు. నాకాలో కూలీలను సైట్లకు పంపే ముకాదం ఏ సైటును తెగ పొగుడుతాడో, అక్కడే కూలి డబ్బులో అతను కోసుకునేది ఎక్కువ. తెల్లారి పనికి పోకుండా కూతుర్ని వెంటబెట్టుకుని నాగ్‌పాడా పోయింది.

"ఎవరు పంపారు మౌసీ?" టై కట్టుకున్న మేనేజరు హిందీలో అడిగాడు.

"ఎవ్వరు పంపలే. మేమే వచ్చినం."

"అయితే మీకు రెండు వేలే."

భూదేవి మొహం వెలిగింది. తల్లి మాత్రం వేళ్ల మీద లెక్కేసింది. వెయ్యి రూపాయలు శంకర్రావు వాటా అన్నమాట! ఇంకా ఎంత రాలుతుందో చూద్దామని లేచి తలుపుదాకా నడిచింది. మేనేజరు వెనకనుంచి "పదిహేను వందలు!" అని అరిచాడు.

ఈసారి భూదేవికే అనుమానం తగిలింది. "సార్, యూనివర్సిటీ పరీక్ష రాయిస్తారా?"

"దానికంటే మా సర్టిఫికెట్‌కే విలువ ఎక్కువ."

"నడువమ్మా," అని తల్లి చెయ్యి పట్టి లాగింది పిల్ల.

అటునుంచి అటే పాత కాలేజీకి పోయారు. రత్నాబాయి అనుమానం మాత్రం ఇంకా దిగలేదు. ఇక్కడా ధర కదులుతుందేమో చూద్దామని ఫీజు కిటికీ ముందు వంగి గుమాస్తాతో, "సాబ్, గరీబోళ్లం. జర తగ్గించు," అంది.

"ఇంతే బాయి."

"పెద్దమనిషి పంపిండు."

"ఎవరు పంపినా ఇంతే."

"పోనీ, యాభై ఎక్కువ తీసుకో. సీటు జల్దీ ఇయ్యి."

గుమాస్తా తలెత్తి కసిరాడు. "ఎక్కువ తీసుకుంటే నా నౌకరీ పోతుంది! కట్టేదుంటే కట్టు, లేకుంటే జరుగు!"

వరుసంతా నవ్వింది. భూదేవి సిగ్గుతో మొహం కొంగులో దాచుకుంది. రత్నాబాయి మాత్రం ముందు కట్టి వెళ్తున్న సేటును ఆపి మరీ అడిగింది. అతనూ అంతే కట్టాడు. అప్పుడు కొంగు ముడి విప్పి డబ్బు కిటికీలోకి తోసింది. మరుసటి సోమవారమే భూదేవి క్లాసులో కూర్చుంది.

ఇది మనసులో పెట్టుకో బిడ్డా. చదువు ఈడు పిల్లలున్న ఇంటికి పోయినప్పుడు చెప్పు. చెప్పేటప్పుడు ఆ గుమాస్తా కసురుడు మాత్రం వదిలిపెట్టకు. ఎక్కువిస్తానన్నా తీసుకోని ఆ కసురుడుతోనే రత్నాబాయికి నమ్మకం కుదిరింది.