కుర్చీకి ఒక పేజీ

మా నగరంలో ఏ దుకాణం ముందు చూసినా ఒక ఖాళీ కుర్చీ ఉంటుంది. నడిచి అలసిన ఎవరైనా అందులో కూర్చోవచ్చు. ఏం కావాలని ఎవరూ అడగరు. బడిపిల్లల కోసం మునిసిపాలిటీ వేస్తున్న నగర చరిత్ర పుస్తకంలో ఈ కుర్చీకి ఒక పేజీ కేటాయించారు. అక్కడే రిటైరైన గుమాస్తాను కదా, నాలుగు ముక్కలు తప్పుల్లేకుండా రాస్తానని ఆ పని నాకు అప్పగించారు. ‘ఇది మన పూర్వికులు మనకిచ్చిన సంప్రదాయం’ అని మొదలుపెట్టాను.

సాయంత్రం పేజీ అచ్చుకి పోవాలి. ఫొటో కోసం పరుపుల కొట్టుకి వెళ్లాను. వీధిలో అన్నిటికన్నా పాత కుర్చీ అక్కడిదే. కొట్టు యజమానురాలిని అందరూ పరుపులమ్మ అంటారు. పెళ్లయిన కొత్తలో అత్తమామలతో కలిసి వాళ్ల దేశం వదిలి వచ్చింది. ఆమె పెద్ద సూదితో పరుపు అంచు కుడుతోంది. కోడలు పక్కనే దూది విడదీస్తోంది.

“ఏం రాశారో చదవండి గుమాస్తా గారూ, వింటాం,” అంది పరుపులమ్మ.

చదివాను. సూది ఆగింది.

“ఎవరి పూర్వికులూ?” అంది కోడలు. “అత్తయ్యా, మీ అత్తగారు వీళ్లింట్లో గానీ పుట్టిందేమో కనుక్కో.”

“నోర్ముయ్యవే,” అంటూనే పరుపులమ్మ నవ్వాపుకోలేకపోయింది. “మా వైపు ప్రతి గుమ్మం బయటా ఒక పీట ఉంటుందండీ, దారిన పోయేవాళ్ల కోసం. ఇక్కడికొచ్చాక మా అత్త ఇంటి కోసం ఏడవలేదు గానీ ఆ పీట కోసం ఏడ్చింది. ఒకరోజు మాకున్న ఒక్క కుర్చీనీ తీసుకెళ్లి వీధిలో వేసింది. మేమందరం నేల మీద కూర్చుని తిన్నాం. ఏడాదికి పక్కనున్న చెప్పుల కొట్టాయన వేశాడు. తర్వాత మీవాళ్లంతా వేశారు.”

“అది రాయండి,” అంది కోడలు. “మొన్న బడిలో నా కూతుర్ని ఎవరో ‘మీ దేశానికి పొండి’ అన్నారట. ఆ పిల్లే రేపు ఈ పుస్తకం చదవాలి.”

రాస్తానన్నాను. కానీ కలం కదల్లేదు. కుర్చీలు నడకదారికి అడ్డమనీ, మూడు రోజుల్లో తీయకపోతే పట్టుకుపోతామనీ ఒకప్పుడు ఈ వీధికి మునిసిపాలిటీ నోటీసు వచ్చింది. పైవాళ్లు చెప్పినదాన్ని కాగితం మీద పెట్టింది నేనే. ‘బయటినుంచి వచ్చినవారి అలవాట్లు నగర మర్యాదకు భంగకరం’ అన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నా సొంతం. బాగా కుదిరిందని ఆ రోజు మురిసిపోయాను కూడా.

రెండేళ్లకి ఆ నోటీసు మూలపడింది. ఆ రెండేళ్లలోనే నా భార్యకి జబ్బు చేసింది. మేం ఆసుపత్రి నుంచి నడిచి వస్తుంటే పరుపులమ్మ లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసేది. మా ఆవిడ కూర్చున్నంతసేపూ, మునిసిపాలిటీ వాళ్లు వస్తారేమోనని వీధి చివరికి చూస్తూ నిలబడి, లేవగానే లోపల పెట్టేసేది. నా భార్య ఆమెను వదినా అని పిలిచేది. నేను గొడుగు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడేవాణ్ణి.

“అమ్మా, అప్పట్లో ఆ నోటీసు రాసింది...”

“తెలుసు,” అంది పరుపులమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ. “మీరు మందులకెళ్లినప్పుడు మీ ఆవిడే చెప్పి ఏడ్చింది. ‘నీకు తెలుసని ఆయనతో అనకు వదినా, సిగ్గుతో చచ్చిపోతారు’ అంది. అందుకే అనలేదు.”

ఇన్నేళ్లూ ఇద్దరు ఆడవాళ్లు నన్ను కాపాడుతూ వచ్చారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అత్తగారి పేరు అడిగాను. రెండుసార్లు చెప్పించుకుని, అక్షరం తప్పకుండా మొదటి వాక్యంలో రాశాను. కింద ‘మునిసిపాలిటీ ఒకప్పుడు ఈ కుర్చీలను అవమానకరమైన మాటలతో తీయించింది’ అని చేర్చి చదివి వినిపించాను.

“మునిసిపాలిటీ అంటే ఎవరండీ?” అంది కోడలు.

“వదిలెయ్యవే, పెద్దాయన్ని,” అంది పరుపులమ్మ.

కోడలు వదిలేసింది. నేనే వదల్లేకపోయాను. ‘తీయించింది’ తర్వాత ఇంకో వాక్యం రాశాను: ‘ఆ మాటలు ఈ పేజీ రాసిన గుమాస్తావే.’ జాగా చాలక అక్షరాలు ఇరుక్కుపోయాయి. ప్రెస్సులో పోల్చుకోలేరేమోనని నేనే పట్టుకెళ్లాను. అచ్చు అక్షరాలు కూర్చే ఆయన నిజంగానే ఆ వాక్యం దగ్గర ఆగి, “ఇదేంటండీ?” అన్నాడు.

పైకి చదివాను. అక్కడున్న నలుగురూ పని ఆపి విన్నారు. నేను తలెత్తలేదు.