కడియాల పాట

నాగరాణి నడుము వంచి నాటు వేస్తుండగా కాలువ కట్ట మీద ట్రాక్టరు ఆగింది. దానికి కట్టిన స్పీకర్లోంచి ఆమె గొంతే ఆమెకు వినిపించింది.

"అమ్మ ఇచ్చిన కడియాలు ఏడబోయెనే బిడ్డా..."

వెంటనే దరువు విరుచుకుపడింది. దాని మీద ఒక మగగొంతు: "ఎవ్వని మంచంల ఇడిసినవే పిల్లా!"

ట్రాక్టరు మీది పోరగాళ్లు ఈల వేశారు. "ఓ పాటలక్కా! దొరికినయా కడియాలు?"

మోకాలి లోతు బురదలో ఉన్న ఆడవాళ్లెవరూ తలెత్తలేదు. పక్క వరుసలో మునుం పట్టిన బిక్షమ్మ మాత్రం గొంతు తగ్గించి అంది. "పలుకకు బిడ్డా. పలికితె ఇంక ఎగవడ్తరు."

నాగరాణి చేతిలోని నారు ముడి నలిగిపోయింది.

ఆ పాట ఆమె తల్లి నాగులమ్మ కట్టింది. బోరెండిన ఏడాది విత్తనాల షావుకారి దగ్గర కాళ్ల కడియాలు కుదువ పెట్టి విత్తనపు వడ్లు తెచ్చింది నాగులమ్మ. పుట్టింటికి పోతే అక్కడ తన తల్లి అడిగింది, కడియాలేవని. "ఇత్తనాల సేటు ఇనుప పెట్టెల ఉన్నయే అమ్మా" అని నాగులమ్మ జవాబు. అంతే పాట. నాట్లలో పాడితే ముసలివాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవారు.

నల్లగొండలో స్టూడియో పెట్టుకుని యూట్యూబులో పాటలు వదిలే విజేందర్ పోయిన వానాకాలం హాలియా వైపు వచ్చి ఇది విన్నాడు. కడియాల సంగతంతా అడిగి తెలుసుకుని, "ఏడుపొస్తాందక్కా" అన్నాడు కూడా. స్టూడియోలో నాగరాణి కళ్లు మూసుకుని ఒక్క ఊపున పాడింది. వాళ్లిచ్చింది రాకపోకల కిరాయికీ ఒక చీరకూ సరిపోయింది.

పాట వచ్చిన రోజు వాడకట్టంతా ఆమె భర్త పరమేష్ ఫోను చుట్టూ మూగింది. తన గొంతు వినగానే నాగరాణికి ఒళ్లు పులకరించింది. అంతలోనే మగగొంతు అందుకుంది. తెర మీద ఎవరో పిల్ల కాలువ గట్టున ఎగురుతోంది. కెమెరా ఆమె పాదాల దగ్గర మొదలై పైకి పాకుతోంది. సేటు లేడు, ఇనుప పెట్టె లేదు. పరమేష్ అందరితో పాటు నవ్వి, భార్య ముఖం చూసి ఆగిపోయాడు.

ఆ తర్వాత ఏ పెళ్లి బరాత్ చూసినా అదే పాట. గొర్లు కాసుకునే పరమేష్‌ను హోటలు దగ్గర "అన్నా, కూసో" అని పిలిచేవాళ్లు పెరిగారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు స్నిగ్ధ మాత్రం బడి మానేసింది.

"మీ అమ్మ ఏడ ఇడిసిందే అని అడుగుతుండ్రు. నేను గొర్ల ఎంబడి పోత, బడికి పోను" అంది, గోడ వైపు తిరిగి.

అయినా పరమేష్ రెండో పాటకు విజేందర్‌కు మాటిచ్చి వచ్చాడు. "ఆ మంచం మాట తీసేయుమని మొకమ్మీదనే అడుగుదువు, నడువు" అని భార్యను బస్సెక్కించి తనూ వెంట వెళ్లాడు.

స్టూడియోలో నాగరాణి అదే అడిగింది.

"ఎట్ల తీస్తమక్కా? ఊరూరికి పాకింది గది" అని విజేందర్ నవ్వుతూ కాగితం చేతికిచ్చాడు. "గిప్పుడు నువ్వు జవాబు చెప్పాలె. పబ్లిక్ గదే అడుగుతాండ్రు."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. 'నీ మంచంలనే ఇడిసినా మావా.' మొన్న ఆ మాట ఎవడో అన్నాడు. ఇప్పుడు ఆమె నోటితోనే అనిపిస్తారు.

హెడ్‌ఫోన్లు పెట్టారు. దరువు మొదలైంది. అద్దం అవతల విజేందర్ చెయ్యి ఊపాడు. నాగరాణి గొంతెత్తింది.

"ఇత్తనాల సేటు ఇనుప పెట్టెల ఉన్నయే అమ్మా..."

దరువు ఆగింది. "అక్కా, కాగితంల ఉన్నది పాడు."

మళ్లీ దరువు. మళ్లీ అదే సేటు, అదే ఇనుప పెట్టె.

పరమేష్ తలుపు తోసుకుని వచ్చాడు. "నా ఇజ్జత్ తీస్తవా? మాటిచ్చిన్నే!"

"నీ మాట నువ్వే పాడుకో. నా బిడ్డ బడి బందువెట్టి ఇంట్ల కూసున్నది. అది నీ ఇజ్జత్ గాదా?"

విజేందర్ గొంతు మారింది. "నువ్వు పాడకుంటె ఇంకో పిల్లతోటి పాడిస్త. పోస్టరు మీద నీ పేరే ఉంటది. అప్పుడేం జేస్తవ్?"

ఏం చేయాలో ఆమెకు నిజంగానే తెలియదు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"పాడిచ్చుకో తమ్మీ. అది నేను గాదని ఊరూరు తిరిగన్న చెప్త. నా నోట మాత్రం ఆ మాట రాదు."

హాలియా బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నాగరాణి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పరమేష్ కింద చాయ్ బండి దగ్గరే నిలబడి, ఫోను చెవికి ఆనించి, ఎవరికో తల ఊపుతున్నాడు. కండక్టరు రైట్ అనబోయి, వచ్చేటప్పుడు ఇద్దరూ తన బస్సులోనే వచ్చింది గుర్తొచ్చి ఆగాడు.

"మీ ఆయన ఎక్కలే గదమ్మా?"

"ఎక్కుతడో లేదో ఆయన్నే అడుగు" అని నాగరాణి తన ఒక్కదాని టికెట్ తీసుకుంది.