ఎడమ మూలకి కొట్టిన బంతి

బందరులో ఫుట్‌బాల్ గురించి మాట్లాడేవాళ్ళలో సగం మందికి ఆట తెలియదు. ఉప్పెన తరవాత మా బందరు టీము ఓడినప్పుడల్లా టీకొట్టు దగ్గర "ఐదుగురు ఫార్వర్డ్‌లతో ఆడితే ఓడక ఏం చేస్తార్రా?" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అంతకుముందు గుడివాడ వాళ్ళని ముప్పుతిప్పలు పెట్టింది ఆ ఐదుగురితోనే కదా!

మా ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బంతిని గ్రౌండు మధ్యలోనే తిప్పుతూ అవతలివాళ్ళందర్నీ అక్కడికి లాగేవాళ్ళం. వాళ్ళు గుమిగూడాక, ఫార్వర్డ్‌ల వెనక ఎడమపక్క, అంటే లెఫ్ట్ హాఫ్ ఆడే నేను తలైనా ఎత్తకుండా ఎడమ మూలకి బలంగా కొట్టేవాణ్ణి. కొట్టేటప్పుడు అక్కడెవరూ ఉండరు. బంతి పడేసరికి మాత్రం లైను వెంబడి మా ఎడమ చివరి ఫార్వర్డ్ సైఫుల్లా వచ్చేసేవాడు.

"చూడకు బావా, కొట్టెయ్. నేనుంటా" అనేవాడు.

కలంకారీ అద్దకం పని వాడిది, వేళ్ళకి ఎప్పుడూ ఎర్రరంగే. వాడు నన్ను బావా అంటుంటే విని మా అమ్మ కూడా "మీ బావమరిది వచ్చాడ్రా" అని కేకేసేది.

డెబ్బై ఏడులో ఉప్పెన రావడానికి ముందురోజు, కోడూరులో పుట్టింట్లో ఉన్న భార్య నూర్ బీని తీసుకురావడానికి వెళ్ళాడు. నీళ్ళు తీశాక దివిసీమంతా వెతికాం. నూర్ బీ శవం దొరికింది. వాడిది దొరకలేదు. దొరకలేదు కాబట్టి వాళ్ళమ్మ ఇమాంబీ వీధి తలుపు మూయడం మానేసింది. నేను గ్రౌండులో అదే పని చేశాను.

వాడి స్థానంలోకి అల్లాబక్షు వచ్చాడు. మంచి ఆటగాడే, పరుగు తక్కువ. బంతి కాళ్ళకందిస్తే ఇద్దర్ని బోల్తా కొట్టించగలడు. నేనేమో మూలకే కొట్టేవాణ్ణి. అది లైను దాటి బయటికి పోయేది, అతను నావైపు జాలిగా చూసేవాడు. ఆ జాలి చూస్తే ఇంకా మండేది.

మరుసటేడు గుడివాడలో మ్యాచ్. హాఫ్‌టైముకి వాళ్ళది ఒక గోలు, మాకేం లేదు. కోచ్ అబ్దుల్ ఖాదర్ గారు నిమ్మచెక్కలు పంచుతూ నా దగ్గర ఆగారు.

"వాళ్ళ రైట్ బ్యాక్ భుజంగరావుని చూశావా? బాగా వెనక్కెళ్ళి ఆ మూల కాపలా కాస్తున్నాడు. నువ్వక్కడికే వేస్తావని తెలుసు. అల్లాబక్షు ముందర బోలెడు జాగా ఉంది. కాళ్ళకివ్వరా శోభనాద్రీ."

"అలవాటైపోయిందండీ."

"అలవాటా? ఎవడికి వేస్తున్నావో నాకు తెలీదూ? నాకు మాత్రం లేదనుకున్నావా ఆ బాధ?" నా చేతిలో ఓ నిమ్మచెక్క పెట్టారు. "ఈసారి అక్కడికి వేశావో, బయట కూర్చోబెడతా. తరవాత నన్ననుకోకు."

కోపమొచ్చింది. కాళ్ళకిస్తే ఇక ఆ మూలకి ఎవరూ రారని నా అంతట నేను ఒప్పుకున్నట్టే కదా! అంతకంటే బయట కూర్చోవడమే నయమనుకున్నాను.

రెండో సగంలో బంతి నా దగ్గరికొచ్చింది. మధ్యలో అందరూ గుమిగూడారు. నా కాలు దానంతటదే మూలవైపు తిరిగింది. చూడకు బావా, అన్నట్టే ఉంది చెవిలో. తలెత్తి చూశాను. ఆ మూల భుజంగరావు తప్ప ఎవరూ లేరు. లైను మీద ఎవరూ పరిగెత్తి రావడం లేదు. ఇటుపక్క అల్లాబక్షు చెయ్యెత్తి నిలబడ్డాడు.

అతని కాళ్ళకిచ్చాను.

ఒకణ్ణి దాటాడు, లోపలికి తిరిగాడు, కొట్టాడు. గోలు! ఆట ముగిసేలోపు అదే దారిలో ఇంకొకటి. అందరూ అల్లాబక్షు మీద పడి గంతులేస్తుంటే నేను గ్రౌండు మధ్యలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

"గెలిచి ఏడుస్తాడేంట్రా వీడు!" అన్నారెవరో.

బందరులో రైలు దిగి ఎప్పట్లాగే ముందు ఇమాంబీ ఇంటికే వెళ్ళాను. మ్యాచ్ అయ్యాక సైఫుల్లా, నేను అక్కడే టీ తాగేవాళ్ళం. ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"గెలిచారా నాయనా?"

"గెలిచామమ్మా."

"గోలు ఎటునించి?"

ఆటలో ఆవిడకి తెలిసింది అదొక్కటే. ఎడమవైపు గోలంటే తనదేనని కొడుకు ఎప్పుడూ చెప్పేవాడు కాబట్టి తెలుసు.

"ఎడమ నుంచి" అన్నాను, ఆలోచించకుండా.

ఆవిడ మొహం ఒక్కసారిగా విప్పారింది. నన్ను పక్కకి జరిపి, నా వెనక వీధిలోకి చూసింది.

"అల్లాబక్షు కొట్టాడమ్మా" అన్నాను. "నేనే ఇచ్చాను. కాళ్ళకి."

ఆవిడ వీధిలోకి చూస్తూనే ఉంది. ఆ తరవాత "రా నాయనా, టీ పెడతా" అని లోపలికి నడిచింది. నేను వెనకే వెళ్తూ వీధి తలుపు దగ్గరికి వేయబోయాను.

"ఉండనీ" అంది.