బొట్టు పెట్టిన మిషను

రూప్లాకు ఆ మిషనంటే మొదటిరోజు నుంచీ ఒళ్లుమంటే. రిమోట్ మీద నడుస్తూ బొగ్గు తవ్వే ఆ రోబో కారేపల్లి అడవి అంచు గనిలోకి దిగాక అతని జట్టులో ఏడుగురిని పని మాన్పించేశారు. దానికి నోరు లేదు. అంతా బాగుంటే పచ్చలైటు, పైకప్పు కుంగుతుంటే ఎర్రలైటు, అంతే. ఇరవై ఏళ్లు కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని ప్రాణాలు దక్కించుకున్న తనకు ఈ లైటు చెప్పేదేమిటని అతని ఉడుకు.

అయినా దసరా పూజలో పనిముట్లన్నిటితో పాటు దానికీ బొట్టు పెట్టాడు. సరిగ్గా దాని కన్నయిన కెమెరా అద్దం మీద పెట్టాడు. తండాలో ట్రాక్టరుకైనా ముఖానే పెడతారు మరి.

పండుగ మరునాడు రోబో బొగ్గు గోడ దాకా వెళ్లి ఆగింది. ఎర్రలైటు వెలిగింది. రెండడుగులు వెనక్కి జరిగింది. రిమోట్ పట్టుకున్న బిచ్యా, రూప్లా బామ్మర్ది, ఎంత నొక్కినా ముందుకు కదల్లేదు.

షిఫ్టు అధికారి జగదీష్ వచ్చి అద్దం చూశాడు. "దీని కండ్లల్ల కుంకుమ కొట్టిందెవడు?"

"నేనే సార్," అన్నాడు రూప్లా.

"మీ పూజలు నా పానం తీస్తున్నయ్." జేబురుమాలు తీసి తనే శుభ్రంగా తుడిచాడు. లైటు ఎర్రగానే ఉంది. "బిచ్యా, జల్దీ మిషను కాడికి పోయి దాని స్విచ్ చేత్తో మార్చు. టార్గెట్ ఎవడిస్తడు?"

వాడి టార్గెట్ తగలెయ్య! బిచ్యా బయల్దేరాడు. రూప్లా రోబో వంక చూశాడు. పైకప్పు బాగాలేనప్పుడు తానూ అట్లాగే రెండడుగులు వెనక్కి వేస్తాడు. కర్ర ఎత్తి పైకి తట్టాడు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది.

"బిచ్యా, ఆగు."

"ఆగినవంటే చార్జిషీటు ఇస్త," అన్నాడు జగదీష్.

రూప్లా బామ్మర్ది కాలర్ పట్టి వెనక్కి గుంజాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. పైకప్పు రోబో మీద కూలింది. దుమ్ములో ఎర్రలైటు కాసేపు కొట్టుకుని ఆరిపోయింది.

పైకి వచ్చాక జగదీష్ ఒక కాగితం ముందు పెట్టాడు. రూప్లా బొట్టు పెట్టడం వల్ల మిషను కన్ను పోయి ప్రమాదం జరిగిందని రాసి ఉంది. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుందన్నాడు.

రూప్లా కాగితాన్ని వెనక్కి నెట్టాడు. "బొట్టు పెట్టింది నేనే సార్, రాసుకోండ్రి. తుడిచింది మీరు. తుడిచినంక గూడ ఎర్రలైటు పోలే. గా నోరులేనిది చెప్తనే ఉన్నది, మీరే మా బిచ్యాను గా కప్పు కిందికి పొమ్మన్నరు. గది గూడ రాయుండ్రి, అప్పుడు పెడత సంతకం."

"సాక్ష్యం ఏంది?" అన్నాడు జగదీష్.

బిచ్యా లేచి, జగదీష్ జేబులోంచి కుంకుమ అంటిన రుమాలు గుంజి కాగితం మీద పరిచాడు.