ఉల్లంకి కాళ్ళు

నిర్మల్‌లోని ఒక ప్రెస్సులో కరుణాకర్ కంప్యూటర్ తెరను వినోద వైపు తిప్పాడు. పక్షి ప్రేమికుల సంఘం వేయిస్తున్న పక్షుల క్యాలెండరులో మార్చి నెల పేజీ అది. కడెం జలాశయం ఒడ్డున ఆమె తీసిన పొడుగు కాళ్ళ ఉల్లంకి పిట్ట, దాని కింద 'ఫొటో: వినోద, ఖానాపూర్' అని చిన్న అక్షరాలు. అరవై మూడేళ్ళ వయసులో మొదటిసారి తన పేరు అచ్చు కాబోతోంది. కళ్ళద్దాలు సవరించుకుని ముందు పేరే చదువుకుంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. తర్వాత పిట్టను చూసింది.

"కాళ్ళేవి బిడ్డా?"

"కోసేసిన పెద్దమ్మా. పేజీ అడ్డం, పిట్టేమో నిలువు. మొఖం పెద్దగ కనవడాలె గదా."

పక్కనే కూర్చున్న ఆమె భర్త రాయమల్లు మీసాల్లో నవ్వుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఖానాపూర్‌లో ఫొటో స్టూడియో నడిపిన మనిషి. ఆయన ఫొటోలు తీస్తే, వెనక గదిలో కటర్ మీద అంచులు కోసేది వినోద.

"అయిపాయె కరుణాకర్. ఈమె ముంగట కాళ్ళు కోసినవా? ఇగ నిన్ను ఇడువది."

వినోదకు నవ్వు రాలేదు. ఆ పిట్ట కోసం పదకొండు రోజులు తెల్లవారుజామునే బురదలో గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకుంది. బడి మొఖం చూడని మనిషి, కెమెరాతో వచ్చిన పుస్తకాన్ని ఒక్కతే కూర్చుని, బొమ్మలు చూస్తూ, అక్షరాలు కూడబలుక్కుంటూ ఏడాది చదివింది. ఇప్పుడు కాదంటే మార్చి పేజీ ఇంకొకరికి పోతుందేమో.

కరుణాకర్ ఆ మాటే అన్నాడు. "రేపు పొద్దుగాల్నే అచ్చుకు పోతది. నీకు ఇష్టం లేకుంటే చెప్పు పెద్దమ్మా, సంఘమోళ్ళు ఇంకో ఫొటో గూడ ఇచ్చిండ్రు."

పోనీ, ఊరుకుందామనుకుంది వినోద. కానీ భూమవ్వ గుర్తొచ్చింది.

భూమవ్వ మొగుడు హనుమండ్లు మస్కట్ పోయే ముందురోజు ఇద్దరూ స్టూడియోకొచ్చి నిలువెత్తు ఫొటో దిగారు. మొఖాలు పెద్దగా రావాలని వినోదే మోకాళ్ళ కాడికి కోసి ఫ్రేము కట్టించింది. రెండేళ్ళకు హనుమండ్లు పెట్టెలో వచ్చాడు. ఆ పెట్టెను తెరవనీయలేదు. పదకొండో రోజు భూమవ్వ వచ్చి, "అక్కా, కాళ్ళు కనవడే ఫొటో ఇయ్యి, మొక్కుకుంట" అంది. వెతికితే నెగటివ్ వానకు తడిసి ముద్దయిపోయి ఉంది. ఆనాటి నుంచి వినోద కటర్ ఎవరి పాదాల జోలికీ పోలేదు.

"కాళ్ళు లేకుంటే నా పేరు తీసెయ్యి" అంది వినోద.

కరుణాకర్ తల గోక్కున్నాడు. "మరి పేజీల ఎట్ల పడుతది?"

"అసలు ఫొటో తెరువు."

సంచిలోంచి రెండు నల్లటి అట్టముక్కలు తీసింది. వడ్రంగి మూలమట్టంలా, ఎల్ అక్షరం ఆకారంలో కోసినవి. రెండూ ఎదురెదురుగా పెట్టి జరిపితే కావలసినంత కిటికీ అవుతుంది. వాటిని తెరకు ఆనించి నెమ్మదిగా జరిపింది.

"మీద మబ్బు తీసెయ్యి. ఎడమ దిక్కు గడ్డి తీసెయ్యి. కింద నీళ్ళల్ల కాళ్ళ నీడ ఉన్నది సూడు, అది ముట్టకు. కుడి దిక్కు నీళ్ళు మొత్తం ఉంచు. సూడు, అడ్డమే అయింది నీ పేజీ."

"పిట్ట చిన్నగయితది పెద్దమ్మా."

"కానియ్యి. అది అడుగేస్తున్నది బిడ్డా. ముంగట జాగ లేకుంటే యాడికి పోతది? నువ్వు దాని మూతి తీస్కపోయి గోడకు కొట్టిచ్చినవు."

రాయమల్లు పకపకా నవ్వాడు. కరుణాకర్ కూడా నవ్వి, ఆమె చెప్పినట్టే కోసి, ఒక కాగితం మీద అచ్చు తీశాడు. దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎర్రటి సన్నని కాళ్ళు, ఒకటి నీళ్ళలో నిలిచి, ఒకటి నీటి నుంచి అప్పుడే లేచి చుక్కలు రాలుస్తూ. ముందంతా ఖాళీ నీళ్ళు.

"నడుస్తున్నది" అన్నాడు మెల్లగా. "ఇందాక బొమ్మ లెక్క ఉండె."

"స్టూడియో బోర్డు మీద నా పేరుండె. పనితనం ఈమెది" అన్నాడు రాయమల్లు, ఎవరూ అడగకపోయినా.

వినోద తలవంచుకుని అట్టముక్కలను కొంగుతో తుడిచింది.

"పెద్దమ్మా, జూలైల కొంగ ఉన్నది. దానికి గూడ కాళ్ళు కోసినట్టున్న. సెప్టెంబర్ల ఇంకొకటి. జర కూసుంటవా?"

రాయమల్లు లేచి చెప్పులు వేసుకున్నాడు. "పోదామా?"

చిన్న సంతకైనా సరే, ఆయనను ఒక్కణ్ణి పంపితే తిరిగి వచ్చేదాకా వాకిట్లోనే నిలబడే మనిషి ఆమె. ఇవాళ మాత్రం కుర్చీని తెర దగ్గరికి లాక్కుంది.

"నువ్వు నడువు. నాకు పనున్నది" అంది. "జూలై తెరువు బిడ్డా."