వీపు లేని కోటు

నేను ఒక కోటును. నల్ల కోటును. అనగానే ఏ ప్లీడరుగారి కోటో అనుకుని లేచి నిలబడకండి, కూర్చోండి. నాకు మర్యాదంతా ముందువైపే. వెనక మెడ నుంచి అంచు దాకా నిట్టనిలువునా చీల్చి, ఆ చీలికకు మూడు జతల నాడాలు కుట్టారు. బక్కవాడు తొడిగితే బిగించి కట్టేవారు, బొజ్జ ఉన్నవాడికి వదులుగా కట్టేవారు. ముందు నుంచి చూస్తే మాత్రం ఎవరికైనా కొలిచి కుట్టినట్టే ఉంటాను. ఫొటో స్టూడియో కోటుకి వీపుతో పనేముంది చెప్పండి?

నన్ను కుట్టినవాడు రేపల్లెలో దర్జీ మస్తాన్. ఏ సంవత్సరమో అడక్కండి, ఉప్పెన రావడానికి మూడేళ్ల ముందు. స్టేషన్‌కి వెళ్లే దారిలో పున్నయ్య ఫొటో స్టూడియో పెట్టి, వచ్చినవాళ్లు తొడుక్కోవడానికి ఒక కోటు కుట్టమన్నాడు. "ఎవరి కొలతలు తియ్యమంటావ్?" అని అడిగాడు మస్తాన్. "ఊరందరియీ" అన్నాడు పున్నయ్య. పాపం మస్తాన్ ఒక పూటంతా టేపు మెడలో వేసుకుని ఆలోచించాడు. చివరికి బీడీ ఆర్పి, బటన్లు కూడా పెట్టేసిన కొత్త కోటుని తిరగేసి కత్తెర వేశాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతూ ఉంటుంది.

ఇక ఆ ఊళ్లో నేను ఎక్కని భుజం లేదు. ఉద్యోగానికి అర్జీ పెట్టేవాడూ నన్నే తొడిగేవాడు, పిల్లనివ్వమని ఫొటో పంపేవాడూ నన్నే తొడిగేవాడు. ఫొటో నడుము దాకానే కాబట్టి పైన నేను, కింద గళ్ల లుంగీ. నా కాలరు మీద ఊరందరి పౌడరూ ఉంది. ఒక్క సంగతి మాత్రం నాకు ఎన్నేళ్లయినా బోధపడలేదు. వీధిలో గంటలకొద్దీ కదలకుండా నిలబడి కబుర్లాడే మనిషి, పున్నయ్య "కదలకండి" అనగానే కదులుతాడు. ముక్కు దురద పెడుతుంది, ఎన్నడూ గుర్తురాని పని గుర్తొస్తుంది. లోపల గుండె కొట్టుకోవడం నా అస్తరు గుడ్డకి తెలిసేది.

అలా కొట్టుకున్న గుండెల్లో వీరాస్వామిది ఒకటి. రైల్వే గేటు దగ్గర కాపలా ఉద్యోగం. పెళ్లయిన మూడో రోజున భార్య నాంచారమ్మను తీసుకుని ఫొటోకి వచ్చాడు. ఆమె తమ్ముడూ వెంట ఉన్నాడు. పున్నయ్య నన్ను తొడిగి, నాడాలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టాడు. నాంచారమ్మ పక్కన నిలబడింది. సరిగ్గా అప్పుడే ఆమె మేనమామ లోపలికి వచ్చాడు. పెద్దమనిషి వస్తే కొత్తల్లుడు కూర్చుని ఉంటాడా? వీరాస్వామి గబుక్కున లేచి, వంగి కాళ్లకు దండం పెట్టాడు. నన్ను వంగడానికి కుట్టలేదండీ. మూడు నాడాలూ ఒక్కసారే ఊడాయి. రెండు రెక్కలూ చెరోవైపు పడ్డాయి. నడుమ చిల్లుల బనీను బయటపడింది.

"బావా, ఎనక గేటు ఎత్తే ఉంది, ఏసుకో!" అని అరిచాడు బావమరిది. గుమ్మంలో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది పెళ్లికూతురే. నేను చూశాను, ఆ పిల్ల కావాలని నవ్వలేదు. నవ్వు వచ్చేసింది, అంతే. వీరాస్వామి నన్ను విప్పి కుర్చీ మీద పడేసి, "డ్యూటీ టైమయింది" అని వెళ్లిపోయాడు.

పున్నయ్య తల పట్టుకున్నాడు. "ఫిల్ము ఎక్కించేశాను తల్లీ, నువ్వయినా నిలబడు." నాంచారమ్మ కళ్లు తుడుచుకుంది. కుర్చీ మీద నలిగి పడి ఉన్న నన్ను సరిచేసి, మనిషి కూర్చున్నట్టు నిలబెట్టి, నా భుజం మీద చెయ్యి వేసింది. వాళ్ల పెళ్లి ఫొటో అదే.

ఆ తర్వాత వీరాస్వామి ఉద్యోగం కార్డుకీ, ఆధార్‌కీ ఫొటో దిగాడు, అదీ వీపు గోడకు ఆనించి. భార్య పక్కన మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. కొడుకు మోహనరావు పెళ్లి ఆల్బంలో ఆయన మోచెయ్యి ఒక్కటే ఉందట. రైలు వెళ్లేదాకా ఊరినంతా ఆపినవాడు, ఒక్క క్లిక్కు దాకా ఆగలేకపోయాడు. నాంచారమ్మ ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: "నవ్వావుగా!"

సెల్‌ఫోన్లు వచ్చాక పున్నయ్య స్టూడియో మూసేశాడు. సామాను ఇచ్చేస్తుంటే నాంచారమ్మ వచ్చింది.

"అన్నయ్యా, ఆ కోటు నాకియ్యి."

"ఈపులేని కోటు ఏం చేసుకుంటావ్ చెల్లెమ్మా?"

"మా పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకు అదేగా!"

ఇద్దరూ నవ్వారు కానీ, ఆమె నన్ను పట్టుకున్న పట్టులో నవ్వు లేదు. ట్రంకు పెట్టెలో పట్టుచీరల అడుగున, కలరా ఉండల మధ్య, ఆ ఫొటోతో పాటు నన్ను దాచింది. భర్తకు చూపించలేదు. చూస్తే పాత పుండు రేగుతుందని భయం.

పన్నెండేళ్లు గడిచాయి. మొన్న మాఘమాసంలో పెట్టె బయట ఒకటే హడావుడి వినపడింది. మోహనరావు కూతురు ప్రవల్లిక తెనాలి నుంచి రూత్ అనే ఫొటోగ్రాఫరును పిలిపించిందట. స్టూడియో లేదు, లైట్లు లేవు, ఇంట్లోనే ఫ్యామిలీ ఫొటోలు. ఆ రూత్ ముందుగా సలహాలు కూడా పంపింది: కొత్త బట్టలు వద్దు, రోజూ కట్టుకునేవే కట్టుకోండి, ఎలా ఉంటారో అలాగే ఉండండి, రిలాక్స్‌డ్‌గా ఉండండి.

"రిలాక్సంటే ఏందే?" అడిగింది నాంచారమ్మ.

"మామూలుగా ఉండటం నానమ్మా."

"మామూలుగా ఉండటానికి మనిషి తెనాలి నుంచి రావాలా ఏందే?"

మామూలుగా ఉండటం ఎంత కష్టమో ఆ నాలుగు రోజుల్లో తెలిసింది. కోడలు కృష్ణవేణి ఇంట్లో కట్టుకునే నూలుచీరకు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మరీ కొత్తగా కనపడుతోందని మళ్లీ నలిపింది. మోహనరావు అద్దం ముందు నిలబడి సహజంగా నవ్వడం సాధన చేశాడు. "ఇది ఎట్టా ఉంది?" అంటే "పన్నునొప్పి వచ్చినోడిలా ఉంది" అంది కృష్ణవేణి. మామూలుగా టీ తాగుతున్నట్టు ఫొటో తీస్తారని, ఎన్నడూ దించని పింగాణీ కప్పులు అటక మీద నుంచి దించారు. అందులో ఒకటి పగిలింది. ఇల్లంతా కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది.

అందరికంటే ఎక్కువ తిరిగింది నాంచారమ్మ. ఆమెకు కప్పులూ చీరలూ పట్టలేదు, ఒక్కటే దిగులు. ఆయన ఉంటాడా, వెళ్లిపోతాడా? ముందురోజు సాయంత్రం అడగనే అడిగింది. "ఇప్పుడు ఫొటో ఎందుకే, దండ ఎయ్యటానికా?" అన్నాడు వీరాస్వామి. "దండేసే ఫొటో ఎవరైనా తీస్తారయ్యా. దండ లేకుండా ఇద్దరినీ ఒక్కచోట చూసుకునేది ఒక్కటి కావాలి నాకు. డెబ్బయి దాటాం ఇద్దరం" అంది. మంచం కిర్రుమంది, అంతే.

తెల్లారింది. పాత ఆకుపచ్చ చీర కోసం నాంచారమ్మ పెట్టె తెరిచింది. చీరను గబుక్కున లాగిందేమో, దానితో పాటు నేనూ బయటపడ్డాను. ప్రవల్లిక నన్ను ఎత్తి దులిపింది. కలరా ఉండలు గది నిండా దొర్లాయి.

"ఇదేంటి నానమ్మా, వెనకంతా చిరిగిపోయింది!"

"చిరగలా, చీల్చారు. అరవకే, తాతకి ఇనపడుద్ది."

వినపడనే వినపడింది. వీరాస్వామి గుమ్మంలోకి వచ్చాడు. తెల్ల లుంగీ, భుజాన తువ్వాలు. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఇది ఇంకా చావలేదా?"

సరిగ్గా అప్పుడే బయట స్కూటీ ఆగింది. రూత్ కెమెరా మెడలో వేసుకుని, చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. వీరాస్వామి తువ్వాలు దులుపుకున్నాడు. "నేను గేటు దాకా ఎళ్లొస్తా" అన్నాడు. రిటైరయి పదిహేనేళ్లయింది, ఇంకా ఏ గేటు?

నాంచారమ్మ అక్కడే పెట్టె పక్కన కూలబడింది. నేను అనుకున్నాను, అయిపోయింది, మళ్లీ నేనే పెళ్లికొడుకుని.

ఇంతలో రూత్ నేల మీద నుంచి ఏదో తీసింది. నా మడతల్లోంచి జారిన ఫొటో అది.

"అమ్మమ్మగారూ, ఇది మీరేనా? మరి పెళ్లికొడుకేడీ?"

"ఎప్పుడూ ఉండేదే అమ్మా. గేటు దగ్గరికి ఎళ్లాడు" అంది నాంచారమ్మ. తలెత్తకుండా నేల మీది కలరా ఉండలు ఏరడం మొదలుపెట్టింది.

చెప్పుల్లో కాలు పెట్టిన వీరాస్వామి వెనక్కి తిరిగాడు. వచ్చి ఫొటో అందుకున్నాడు. కళ్లజోడు లేదు, చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశాడు. ఆ ఫొటోని ఆయన చూడటం అదే మొదటిసారి. కుర్చీలో మనిషిలా కూర్చోబెట్టిన కోటు. దాని భుజం మీద గాజుల చెయ్యి. పక్కన ఏడ్చి తుడుచుకున్న పిల్ల.

"ఇట్టా నిలబడ్డావా?"

"నిలబడక? ఫిల్ము ఎక్కించేశాడు పున్నయ్యన్న."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్పనిచ్చావా నువ్వు? నవ్వావుగా, నవ్వావుగా అని అదే పాట."

వీరాస్వామి ఫొటోని కిటికీ మీద పెట్టాడు. తువ్వాలు తీసి ప్రవల్లిక చేతికి ఇచ్చాడు. నాంచారమ్మ వైపు వీపు తిప్పి, రెండు చేతులూ వెనక్కి చాపి నిలబడ్డాడు.

"తొడుగు."

ఆమె లేచింది. ఆయన ముసలి చేతులు నా చేతుల్లోకి వచ్చాయి. భుజాలు వంగిపోయాయి, ఎముకలు తేలాయి, కానీ ఆ గుండె నాకు తెలుసు. అదే చప్పుడు. మొదటి నాడా కట్టింది. రెండోది పట్టుకుంది. కంటి చూపు ఆనక ముడి తప్పుతోంది. నా రెండు రెక్కల మధ్య నుంచి బనీను కనపడుతోంది, ఈసారీ చిల్లులదే.

"కదలబాకయ్యా, ఊడిపోద్ది."

"ఊడనియ్యి. ఈసారి కూడా నవ్వుకో."

నాంచారమ్మకు మొదట నవ్వు రాలేదు. నాడా పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆమె నవ్వు విని ఆయన మెడ వెనక్కి తిప్పి నవ్వాడు. కృష్ణవేణి చేతిలో కప్పు ఒలికింది, మోహనరావు సాధన చేసినదంతా మరిచిపోయి నోరంతా తెరిచాడు. ప్రవల్లిక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు విన్నాను, క్లిక్కుమన్న చప్పుడు. "కదలకండి" అని ఎవరూ అనలేదు.

"రెడీ అయ్యారా మరి?" అంది నాంచారమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"ఫొటో అయిపోయింది అమ్మమ్మగారూ" అంది రూత్.

తర్వాత టీ కప్పులతోనూ, అరుగు మీదా చాలానే తీసింది. అవన్నీ ఫోన్లలో ఉన్నాయట. గోడకెక్కింది మాత్రం ఆ మొదటి క్లిక్కు ఒక్కటే, పాత పెళ్లి ఫొటో పక్కన. నన్ను మళ్లీ పెట్టెలో పెట్టలేదు, ఎదురుగా మేకుకి తగిలించారు. అరకొరగా కట్టిన రెండో ముడి అలాగే ఉంది. విప్పబోతే వీరాస్వామి ఒప్పుకోలేదు. ఎన్ని వందల ఫొటోల్లో ఉన్నానో నాకే తెలియదు, నా వీపు పడింది ఆ ఒక్కదాంట్లోనే.

ఇంటికి వచ్చినవాళ్లు ఆ ఫొటో ముందు ఆగి, "ఈయనెవరు, అటు తిరిగి నిలబడ్డాడు?" అంటారు. నాంచారమ్మ నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి జవాబు వస్తుంది.

"నేనే. ఎనక గేటు ఎత్తే ఉంది, చూడలా?"