ఫుట్‌బోర్డు మీద ఒక కాలు

"నువ్వెళ్లి ఆపు. నేనొస్తా."

పెళ్లయిన కొత్తలోనే మా ఆయన భానుప్రకాష్ గారు నాకు అప్పగించిన ఉద్యోగం ఇది. మోపిదేవి మొక్కు తీర్చుకోవడానికని బందరు బస్టాండుకి వెళ్లాం. బస్సు కదలబోతుంటే ఆయనకి సోడా గుర్తొచ్చింది. పట్టుచీరలో నేను, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు నేల మీద. "ఎక్కుతారా, దిగుతారా అమ్మా?" అని కండక్టరు విసుక్కుంటున్నాడు. బస్సంతా నన్నే చూస్తోంది. "ఒక్క నిమిషం బాబూ, మావారొస్తున్నారు" అని బతిమాలాను. మావారు మూతి తుడుచుకుంటూ తీరిగ్గా నడిచొచ్చి, కిటికీ సీట్లో కూర్చుని, "చూశావా, ఆగింది" అన్నారు.

ఆగిందట! బస్సులూ రైళ్లూ తన మొహం చూసే ఆగుతాయని ఈ మనిషి ఇన్నేళ్లూ నిజంగానే నమ్మాడు. గుడివాడ స్టేషన్లో కదలబోయే రైలు తలుపు పట్టుకుని వేలాడింది నేను. బ్యాంకు షట్టరు దించేస్తుంటే మేనేజరుని బతిమాలింది నేను. ఇంట్లో అన్నం కూడా ఆయన కోసం ఆగాలి, నా ఆకలితో సహా. "వాడు నిదానస్తుడమ్మా, నువ్వే ముందెళ్లి ఆపుతూ ఉండాలి" అనేవారు మా అత్తగారు గంగాదేవి. కొడుక్కి టైము చూడ్డం నేర్పకుండా కోడలికి ఉద్యోగం వేయించిన మహాతల్లి.

మాకు బందరులో రొయ్యల మేత దుకాణం ఉంది. దివిసీమ రైతుల ఫోన్లు ఎత్తేది నేను, లారీ వస్తే బస్తాలు దింపించేది నేను. డీలరు మాత్రం ఆయన. పోయినేడు అమ్మకాలు బాగున్నాయని మేత కంపెనీ వాళ్లు డీలర్లని జంటలుగా సింగపూర్‌లో ఓడ ఎక్కిస్తామన్నారు. దారిలో ఫుకెట్‌లో ఒక పగలు, మర్నాడు లంకావిలో ఒక పగలు ఓడ ఆగుతుందని తెలియగానే ఈయనకి స్కూబా డైవింగ్ పిచ్చి పట్టుకుంది. "ఆ కాస్త టైములోనే సముద్రం అడుగు చూసి రావాలి ఉమా. అదేదో నువ్వు చూడు." ఈత రాదు. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో మోకాళ్ల లోతు దాటడు, అల వస్తే నా భుజం పట్టుకుంటాడు. పైగా "బందరోళ్లకి సముద్రం ఒక లెక్కా?" అని కోతలు.

ఓడ వాళ్లు తీసుకెళ్లే డైవింగుకి రేటెక్కువట, బయట చూడమన్నారు ఈయన. చూశాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, రెండో చేత్తో ఫోను పట్టుకుని, నా వచ్చీరాని ఇంగ్లీషులో ఫుకెట్ షాపులన్నిటికీ మెసేజీలు పెట్టాను. ఓడ ఒడ్డుదాకా రాదని, చిన్న పడవల్లో దించి మళ్లీ ఎక్కించుకుంటారని తెలుసుకున్నాను. చాలా షాపుల వాళ్లు సాయంత్రం దాకా తిప్పుతామన్నారు. కుదరదన్నాను. ఈత రానివాళ్లని ఒడ్డు దగ్గరే చెయ్యి పట్టుకుని దించి, మధ్యాహ్నానికల్లా వదిలేసే షాపు ఒకే ఒక్కటి దొరికింది. అసలు సంగతేమిటంటే, ఓడ వాళ్లతో వెళ్తే ఆలస్యమైనా మన కోసం ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఆగదు. ఈ మాట అన్నం వడ్డిస్తూ చెప్పాను, బట్టలు సర్దుతూ చెప్పాను, విమానంలోనూ చెప్పాను. "నువ్వున్నావుగా" అన్నారు.

ఇద్దరికి బుక్ చేశాను, ఆయనకీ నాకూ. చెరువు గట్ల మీద నిలబడి రైతులకి మేత లెక్కలు చెప్పడంలోనే నా వయసు గడిచిపోయింది. నీళ్లని పైనుంచి చూడడమే తప్ప, లోపల ఏముంటుందో ఎరగను. ఒక్కసారి దిగాలని ఉంది. అక్కడ ఎవరూ "ఉమా" అని కేకెయ్యలేరు కదా. ఆ కాసేపటి కోసమే ఇంత చాకిరీ చేశానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఫుకెట్‌లో పడవ దిగామో లేదో గుడివాడ డీలరు ధీరజ్ తగులుకున్నాడు. బజారు చూసుకుని అట్నుంచటే ఓడెక్కెయ్యమని పెళ్లాన్ని పంపేసి, "బావా, నేనూ వస్తా" అన్నాడు. నీళ్లలోకి దించే టీచరమ్మ ఇద్దరి కంటే ఎక్కువైతే కుదరదంది. మా ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. "ఉమ ఆగుతుందిలే. సంచులు చూసుకోవాలిగా."

"నేనూ దిగుతానండీ" అన్నాను.

"జనంలో గోలేంటి?" అన్నారు. "మీకు నీళ్లంటే పడదేమో కదక్కా" అని వాడి ఓదార్పు ఒకటి. పడదని నీకెవడు చెప్పాడురా? వాళ్ల చెప్పులూ ప్యాంట్లూ పర్సులూ ముందేసుకుని ఇసకలో కూలబడ్డాను.

బందరు సింహం మునిగీ మునగకముందే కాళ్లు కొట్టుకుంటూ పైకి లేచింది. మొహానికి తగిలించిన అద్దం బాగాలేదట! ఆడలేక మద్దెల ఓడు. ధీరజ్ ఆపాటి కూడా మునగలేదు. ఇద్దరూ నడుంలోతు నీళ్లలో సిలిండర్లు వీపున వేసుకుని ఫొటోలకి నిలబడ్డారు. తీసింది నేను. "సముద్రగర్భంలో మేము" అని అప్పుడే డీలర్ల గ్రూపులో పెట్టేశారు కూడా. టైము ఇంకా మిగిలే ఉంది. టీచరమ్మ నవ్వుతూ నా వైపు చెయ్యి చాపింది. నేను లేచి నిలబడ్డాను. "నో, నో, షి ఈజ్ ఫియర్" అన్నారు మా ఆయన. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

పీతల వేపుడు వాసన తగలగానే ఇద్దరూ హోటలు ముందు కుర్చీల్లో వాలిపోయారు. బీర్లు వచ్చాయి. మళ్లీ వచ్చాయి.

"చివరి పడవండీ. ఇది పోతే ఓడ పోయినట్టే."

"అబ్బబ్బ, నీ గోల! నువ్వెళ్లి ఆపు. నేనొస్తా."

వెళ్లాను. అలవాటు కదా. ఒక కాలు పడవలో, ఒక కాలు జెట్టీ మీద. పడవలో వాళ్లంతా నన్నే చూస్తున్నారు. "ఒక్క నిమిషం" అన్నాను. ఓడ మనిషి వాచీ చూపించాడు. ఒడ్డున మా ఆయన కనబడుతూనే ఉన్నారు, వెయిటర్‌ని పిలిచి ఇంకో ప్లేటు తెమ్మంటున్నారు. తొందరేముంది? నేను నిలబడ్డానుగా.

"ఇంకెవరైనా ఉన్నారా మేడమ్?" అని ఇంగ్లీషులో అడిగాడు ఓడ మనిషి.

మావారొస్తున్నారన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఛీ, ఇదేం బతుకు అనిపించింది.

వాళ్లిద్దరి పాస్‌పోర్టులూ పర్సులూ ఉన్న సంచి జెట్టీ కాపలా అతని చేతికిచ్చి, అదిగో, చొక్కా లేకుండా పీతలు తింటున్నారే, వాళ్లదని వేలు పెట్టి చూపించాను. ఓడ మనిషి వైపు తిరిగి "లేరు" అన్నాను. రెండో కాలు కూడా పడవలో పెట్టాను.

పడవ కదిలింది. లంకావిలో ఒక డైవింగ్ షాపుకి మెసేజి పెట్టాను. ఎంతమంది అని అడిగారు. ఒక్కదాన్నే అని రాశాను. అంతలో ఫోను మోగింది.

"ఆపావా?" అన్నారు మా ఆయన, నోటి నిండా పీతతో.

"లేదండీ. ఎక్కాను."